మెహమూద్ చాచా వాన డబ్బా

నేను ఎమ్మెస్సీ చదివిన రోజుల్లో కంప్యూటర్ అంటే ఒక గది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. ఎండాకాలంలో కూడా లోపల స్వెట్టర్ వేసుకోవాల్సినంత చలి. మా డిపార్ట్‌మెంటుకు సొంత యంత్రం లేదు. హైదరాబాదులోనే ఒక పరిశోధన సంస్థ వాళ్ళు దయతలచి వారానికి ఒక పూట మాకు ఇచ్చేవారు. ఆ పూట కోసం వారమంతా కూర్చుని యంత్రం చదివే అంకెలను అట్టకార్డుల్లో కన్నాలుగా కొట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, పెళ్ళివారి అరిసెల బుట్ట మోసినంత జాగ్రత్తగా మోసుకెళ్ళేవాళ్ళం. ఒకసారి నా కట్ట సిటీ బస్సులో జారిపడింది. కండక్టరూ, ఇద్దరు కూరగాయలమ్మే ఆడవాళ్ళూ వంగి ఏరి ఇచ్చారు గానీ, వాటిని మళ్ళీ వరుసలో పెట్టేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

ఇప్పుడు మా మనవడు జేబులో వేసుకు తిరిగే యంత్రం దానికి వెయ్యి రెట్లు గొప్పదట. కావచ్చు, నేనేం కాదనను. కానీ వాడు దాన్ని మంచం మీదికి విసిరేస్తాడు, చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మేము ఆ గది గుమ్మంలో నిలబడి గొంతు కూడా పెంచేవాళ్ళం కాదు.

ఇదంతా ఎందుకంటే, మా ఊరి మెహమూద్ చాచా గురించి రాయమని మా వాళ్ళు చాలాకాలంగా పోరుతున్నారు. ఆయన గురించి రాయాలంటే ఆ చల్లగది గురించి రాయక తప్పదు. జీవితంలో ఆయన పట్నానికి వెళ్ళింది తక్కువ. అందులో ఒకసారి వెళ్ళింది ఆ గదికే.

మాది దేవరకొండ దగ్గర రాళ్ళవాగు. పేరులో వాగు ఉంది, వాగులో రాళ్ళున్నాయి, నీళ్ళ సంగతి మాత్రం అడగకండి. జొన్న, సజ్జ, ఆముదం తప్ప మా నేలలో ఇంకేం వేసినా దండగే. ఊరి చివర నిజాం జమానాలో కట్టిన ముసాఫిర్ బంగ్లా ఒకటి ఉండేది. దౌరా మీద ఊళ్ళు తనిఖీ చెయ్యడానికి వచ్చిన అధికారులు ఒక రాత్రి ఉండి పోయేవారు. దానికి మెహమూద్ చాచా చౌకీదారు. అంతకుముందు వాళ్ళ నాయిన అక్కడే వంటవాడు. చాచా, ఆయన బీబీ లాడ్లీ బేగం, వాళ్ళ కూతురు అజీజా, ముగ్గురూ బంగ్లా వెనక రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళు. అజీజాను తర్వాత కొత్తకోటలో ఇచ్చారు. మా ఇల్లు వాళ్ళ ఇంటిని ఆనుకునే ఉండేది, మా కోళ్ళు వాళ్ళ పెరట్లోనే గుడ్లు పెట్టేవి.

బంగ్లా ముందు, ముళ్ళకంచె మధ్య, సిమెంటు దిమ్మె మీద వాన డబ్బా ఉండేది. పైన గరాటు, లోపల సీసా, అంతే. పొద్దున ఎనిమిదిన్నరకు చాచా కంచె తాళం తీసి, సీసాలో నీళ్ళు ఉంటే గీతల గ్లాసులో పోసి కొలిచి, పుస్తకంలో ఎక్కించి, ఆ నీళ్ళు పారబోసేవాడు. నీళ్ళు లేకపోతే సున్నా ఎక్కించేవాడు. మా ఊళ్ళో సున్నాలే ఎక్కువ. నెలాఖరుకు ఆ లెక్క దేవరకొండ ఆఫీసుకు పోయేది. ఈ పనికి ఆయనకు జీతంలో ఏం కలిపేవారో గానీ ఆయన హోదాకు మాత్రం చాలా కలిసింది. డబ్బా చూడటానికి వెళ్ళేముందు టోపీ పెట్టుకునేవాడు. చలికాలమైతే కోటు కూడా తొడిగేవాడు. ఊళ్ళో ఆయన్ను 'వాన పటేల్' అని ఏడిపించేవారు. ఆయన ఏడిచేవాడు కాదు, మురిసిపోయేవాడు.

ముక్కుమీద కోపం కూడా ఉండేది. రచ్చ దగ్గర ఎవరైనా "నిన్న వాన దంచి కొట్టింది" అంటే చాలు, "దంచి కొట్టుడంటే ఎంత?" అని నిలదీసేవాడు. మా బాపు యాదయ్య కావాలనే ఆయన్ను రెచ్చగొట్టేవాడు. మోకాలు లోతు కురిసిందనేవాడు బాపు, అర అంగుళం కూడా కాదనేవాడు చాచా. ఇద్దరూ ఒకరి బీడీ ఒకరు కాల్చుకుంటూ పొద్దుగూకేదాకా కొట్లాడేవారు. నలభై ఎనిమిదిలో భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చిన పోలీసు యాక్షన్ రోజుల్లో, ప్రాణభయంతో మా వైపు తురక కుటుంబాలు చాలా పట్నానికి వెళ్ళిపోయాయి. చాచా వాళ్ళను బాపు మా ఇంట్లో పెట్టుకున్నాడు. బయటికి అడుగు పెట్టొద్దని ఎంత బతిమాలినా చాచా మాత్రం పొద్దున్నే టోపీ పెట్టుకుని డబ్బా చూసి వచ్చేవాడట. ప్రాణం మీదికి తెచ్చుకుంటావా అని బాపు తిడితే, "మరి డబ్బ ఎవలు చూస్తరు?" అన్నాడట. ఈ మాట మా ఇంట్లో చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నాం. ఆయన లెక్కలో ఒక్కరోజు కూడా ఖాళీ లేకపోవడానికి కారణం ఆ మొండితనమే.

అరవై ఏడులో నా చదువు పూర్తికావాలి. పరీక్షలకు ముందు ఒక పరిశోధన చేసి ఒప్పజెప్పాలి. కంప్యూటర్‌తో చేస్తే మంచిదని మా సారు అన్నారు. అందరూ ఏవో పెద్ద పెద్ద విషయాలు ఎంచుకున్నారు. నాకు మా బాపు విత్తనాల గంప గుర్తుకొచ్చింది. మృగశిరలో మొదటి వాన పడగానే మా వాళ్ళు విత్తుతారు. తర్వాత వాన ముఖం చాటేస్తే మొలక మాడిపోతుంది. మళ్ళీ విత్తనాలు, మళ్ళీ సేద్యం. మొదటి వానకే విత్తాలా, రెండో వానదాకా ఆగాలా? ఏళ్ళ తరబడి లెక్కలు వేసి యంత్రాన్ని అడిగితే చెబుతుంది కదా అని నా ఆశ. సారుకు నచ్చింది. ఆయనది కోస్తా వైపు కాలవల దేశం. విత్తనం మాడిపోవడం అంటే ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది.

జిల్లాలో కొన్ని ఊళ్ళ లెక్కలు సంపాదించాను. ఎక్కడ చూసినా బొక్కలే. ఒకచోట డబ్బా పగిలింది, ఒకచోట చూసేవాడు సెలవు, ఇంకోచోట నెలలకు నెలలు తెల్లకాగితాలు. నిండుగా ఉన్నది రాళ్ళవాగు ఒక్కటే. నా పరిశోధన మొత్తం చాచా చేతిరాత మీద నిలబడింది. వాన పడ్డ ప్రతి రోజుకూ ఒక కార్డు కొట్టాను. ఒక్కో కార్డు కొడుతుంటే చాచా టోపీ సర్దుకుని కంచె తాళం తీస్తున్నట్టే ఉండేది. అంత సంతోషం నాకు ఆ తర్వాత ఏ ఉద్యోగంలోనూ దొరకలేదు, నిజం చెబుతున్నాను.

ఫిబ్రవరిలో యంత్రం నుంచి పొడుగాటి కాగితం బయటికొచ్చింది. అయిదు రోజుల తర్వాత సారు నన్ను పిలిచి, పెన్సిలు పట్టుకుని దాన్ని చూసుకుంటూ పోయి, అరవై అయిదు జూలై దగ్గర ఆగి, ఒక అంకె చుట్టూ సున్నా చుట్టారు. ఆ ఏడు కరువు సంగతి మీలో పెద్దవాళ్ళకు తెలిసే ఉంటుంది. చుట్టుపక్కల ఏ ఊరి లెక్కలోనూ ఆ వారం చుక్క వాన లేదు. రాళ్ళవాగులో మాత్రం ఒక్కరోజులో నాలుగు అంగుళాల పైన.

"ఏమయ్యా ఎల్లేశం, దేశమంతా ఎండిపోతుంటే ఇంద్రుడు మీ ఊరికి మాత్రం ప్రత్యేకంగా బండి కట్టించుకుని వచ్చాడా?" అన్నారు సారు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కార్డు నేనే తప్పు కొట్టానేమోనని ముందు అనుమానించారు. ఆఫీసు నుంచి ఎత్తి రాసుకున్న కాగితం తెచ్చి చూపించాను. అందులోనూ అదే అంకె. అప్పుడు ఆయన అనుమానం చాచా మీదికి పోయింది. డబ్బా ముఖం చూడకుండా మంచం మీద కూర్చుని నోటికొచ్చింది రాసేవాళ్ళు చాలామంది ఉంటారని, ఒక్కరోజు అబద్ధం రాసినవాడు మిగతా రోజులు నిజం రాశాడని నమ్మడం ఎలాగని అడిగారు. రాళ్ళవాగును మొత్తం తీసెయ్యమన్నారు.

రాళ్ళవాగు తీసేస్తే నా దగ్గర మిగిలేది చిల్లుల బుట్ట. ఆ ఏడు డిగ్రీ రాదు. ఇంకో ఏడాది పట్నంలో ఉంచి చదివించే తాహతు బాపుకు లేదు. అయినా ఆ నిమిషంలో నాకు డిగ్రీ కంటే ముందు కోపం వచ్చింది. ప్రాణాలు పోతాయంటే కూడా డబ్బా చూడటం మానని మనిషిని పట్టుకుని మంచం మీద కూర్చుని రాశాడంటారా? సారు ఎదుట ఎప్పుడూ నోరెత్తని నేను ఆ రోజు గట్టిగానే అరిచాను. ఆయన కోపగించుకోలేదు, అది ఆయన మంచితనం. అంత నమ్మకముంటే ఆ నీళ్ళు ఎక్కడివో కనుక్కుని రమ్మన్నారు. అప్పుడు రాళ్ళవాగు ఉంచాలో తీసెయ్యాలో చెబుతానన్నారు.

మర్నాడే దేవరకొండ బస్సెక్కాను. దేవరకొండ నుంచి మా ఊరికి నడక. దారిపొడుగునా ఈ సంగతి ఎలా చెప్పాలా అని కసరత్తు చేశాను గానీ, చాచా బంగ్లా వరండాలో కుర్చీ తుడుస్తూ నన్ను చూసి నవ్వేసరికి కసరత్తంతా గంగలో కలిసింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. రాళ్ళవాగు లెక్క నమ్మొచ్చో లేదో తేలాలని, తేలకపోతే అంతా తీసేస్తారని.

చాచా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"డబ్బల నీళ్లుండె. గ్లాసుల వోసిన, నా కండ్లతోని చూసిన, రాసిన," అన్నాడు మెల్లగా. "గిన్నేండ్లు రాసిందంత అబద్ధమంటున్నరా ఎల్లేశం?"

ఆయన గొంతు అలా వినడం నాకు అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. ఆయన లోపలికి వెళ్ళి పెట్టె తెరిచి షేర్వానీ తీశాడు. పట్నం వస్తాడట. సారు ముందు ఖురాన్ పట్టుకుని చెబుతాడట. వద్దు చాచా, అంత దూరం ఎందుకు అంటే వినిపించుకోలేదు. తొందరలో ఒక బొత్తం రెండోదాని కాజాలో పెట్టుకున్నాడు.

అప్పుడు లాడ్లీ చాచీ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వాళ్ళిద్దరూ ఇంట్లో ఉర్దూలోనే మాట్లాడుకునేవారు. ఆ రోజు నేనూ వినాలనో ఏమో ఆవిడ తెలుగులోనే మాట్లాడింది.

"ఖురాన్ పట్టకు," అంది. "గా నీళ్లు నేను పోసిన."

ఆవిడ చెప్పింది నా మాటల్లో చెబుతాను. ఆ జూలైలో ఊరిబావి అడుగంటింది. ఆడవాళ్ళు వాగులో చెలిమెలు తవ్వి కొబ్బరి చిప్పతో నీళ్ళు తోడుకునేవారు. ఒక బిందె నిండటానికి పూట గడిచేది. వాన కోసం కప్పతల్లి ఆడదామని మా అమ్మ గోపమ్మ పూనుకుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, మా వైపు వానలు మొహం చాటేస్తే ఒక కప్పను తడిగుడ్డలో మూటకట్టి, వేపమండలతో రోకలికి వేలాడగట్టి, ఇద్దరు ఆడవాళ్ళు భుజాన పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ ఆ కప్ప మీద నీళ్ళు పోస్తుంది. మామూలు రోజుల్లో చెంబులకు చెంబులు గుమ్మరిస్తారు. ఆ ఏడు మాత్రం చెంబు లేదు, దోసెడు. చిన్నపిల్లల తల్లులు వేళ్ళు తడిపి చిలకరించారు.

అన్ని ఇళ్ళూ అయి చివరికి బంగ్లా దగ్గరికి వచ్చారు. చాచా ఆ రోజు నెల లెక్క ఇవ్వడానికి దేవరకొండ పోయాడు. చాచీ అప్పుడే చెలిమె నుంచి బిందెతో వచ్చింది. కప్ప మీద నీళ్ళు పోసింది. మా అమ్మ కళ్ళు కంచె లోపలి డబ్బా మీద పడ్డాయి.

"మీ అమ్మనే అన్నది," అంటూ చాచీ నా వైపు చూసింది. "ఊరందరి గురించి సర్కారుకు చెప్పేది గీ డబ్బనే గద, దీని నోరు గిట్లెండితే సర్కారుకేమెరుక, దేవునికేమెరుక అన్నది. నాకూ నిజమే అనిపించింది. మేకుకున్న తాళంచెవి తెచ్చిన. గరాట్ల పోసిన. మిగిలింది దిమ్మె మీద పోసిన. ఆడోళ్లందరం మొక్కినం."

పట్నంలో నా పరిశోధన మునిగిపోతుంటే, ముంచింది ఎవరనుకున్నారు? నన్ను కన్న తల్లి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చాచా మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. ఒక్కటే అడిగాడు.

"బిందె జారి పడ్డదన్నవు."

అది కూడా చాచీయే విప్పి చెప్పింది. ఆ సాయంత్రం ఆయన ఎండలో పడి నడిచి వచ్చి నీళ్ళడిగాడు. ఇంట్లో చుక్క లేదు. దారిలో బిందె జారి ఒలికిపోయిందని చెప్పింది. ఆయన వాకిట్లో నిలబడి ఇరుగుపొరుగు వినేలా తిట్టాడు. కళ్ళు కనిపించవా అన్నాడు, ఊరంతా దూపకు చస్తుంటే నీళ్ళు నేలపాలు చేస్తావా అన్నాడు. దాహంతోనే పడుకున్నాడు, మాట్లాడలేదు.

"మర్నాడే చెప్దామనుకున్న," అంది చాచీ. "పొద్దుగాల నువ్వు గ్లాసు వట్టుకొని ఉరుక్కుంట లోపలికొచ్చినవు. వాన వడ్డది, చూడు చూడు అన్నవు. చిన్నపిల్లగాని తీరు నవ్వినవు. గా మొఖం చూసి చెప్పబుద్ధి గాలే. అటెన్క చెప్పరాలే."

చాచా షేర్వానీ బొత్తం విప్పి సరైన కాజాలో పెట్టుకున్నాడు. పట్నం పోదాం పద అన్నాడు. ఈసారి చాచీ గుమ్మానికి అడ్డం నిలబడింది. తప్పు లెక్క పంపాడని ఆఫీసులో తెలిస్తే నౌకరీ పోతుందని, ఉన్న ఇల్లు కూడా బంగ్లాదేనని ఏడ్చింది. సారుకు నేనే చెబుతానని నేనన్నాను.

"రాసింది నేను. జవాబు నువ్వు చెప్తవా?" అన్నాడు చాచా. చాచీ గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది.

మా ఇంటికి వెళ్ళి అమ్మను నిలదీశాను. మా అమ్మ ఏమాత్రం తగ్గలేదు. మొక్కింది వాన కోసం గానీ నీ చదువు చెడగొట్టడానికా అని ఎదురు నామీదే లేచింది. ఆ తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని, ఆ రోజు లాడ్లీ ఇంట్లో ఉన్నవి ఆ ఒక్క బిందె నీళ్ళేనని తనకు తెలియదని చెప్పి ముక్కు చీదుకుంది. మా అమ్మ బాధపడినా కోపంలాగే కనిపించేది.

మర్నాడు, డబ్బా తాళంచెవి బాపుకు అప్పజెప్పిన చాచాను తీసుకుని హైదరాబాదు చేరాను. అది మా కంప్యూటర్ పూట. సారు ఆ చల్లగది దగ్గరే ఉన్నారు. చాచా చెప్పులు విడిచి, టోపీ సర్దుకుని లోపల అడుగుపెట్టాడు. ఫిబ్రవరి ఎండలోంచి వచ్చాడేమో, చలికి ఒక్కసారి ఉలిక్కిపడి, "చలికాలమంత ఈడనే దాసిపెట్టిండ్రా?" అని నా చెవిలో అడిగాడు. అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది. సారు లేచి ఆయనకు కుర్చీ వేశారు. చాచా కూర్చోలేదు. కప్పతల్లి సంగతి, బిందె సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. బీబీ మీద నెపం పెట్టకుండా చెప్పడానికి ఆయన పడ్డ తంటాలు నేను పక్కన నిలబడి చూశాను.

సారు అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. పొద్దున లేచి చూస్తే నేల పొడిగానే ఉండి ఉంటుంది కదా, అంత వాన పడితే నేల తడవాలి కదా, నీకు అనుమానం రాలేదా అని.

ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు. దిమ్మె మీద పోసిన నీళ్ళు ఆ జూలై ఎండకు సాయంత్రానికే ఆరిపోయి ఉంటాయి. ఇంటి చూరు కింద తడి లేదు, చెట్టు మీద తడి లేదు. చాచాకు అది కనిపించలేదంటే అబద్ధం. కనిపించిందంటే, తెలిసీ రాశాడన్నమాట.

చాచా తలవంచుకున్నాడు.

"వచ్చింది సాబ్," అన్నాడు. "నేల పొడిగనే ఉండె. చూసిన. కని డబ్బల నీళ్లున్నయి. అన్ని దినాల సంది సున్న రాస్తున్న సాబ్. ఒక్కసారి నీళ్లు కనవడంగనే వాననే అనుకోవాలనిపించింది. నేల దిక్కు మల్ల చూడలే."

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తుడిచిన అద్దాలనే మళ్ళీ తుడిచారు. తర్వాత నా వైపు తిరిగారు.

"రాళ్ళవాగు ఉండనీ," అన్నారు. "ఆ ఒక్క కార్డు తీసెయ్."

బయట కరువెలా ఉన్నా, ఆ రోజు నాకు మాత్రం వాన కురిసినట్టే అయింది. డబ్బాలో పొరపాటున బయటి నీళ్ళు పడ్డాయని, ఆ రోజు లెక్క కొట్టేయమని, దేవరకొండ ఆఫీసుకు సారే రాస్తానన్నారు. ఎవరు పోశారని రాయనన్నారు. చాచా ఆయన చేతులు పట్టుకున్నాడు, సారు చేతులు వెనక్కి తీసుకోలేదు. నేను కట్టలోంచి ఆ కార్డు వెతికి తీశాను. తీసి పక్కన పెడుతుంటే చాచా దాన్ని ఇవ్వమని అడిగాడు. యంత్రానికి ఇక అక్కర్లేదు కదా అన్నాడు. సారు తల ఊపారు. చాచా దాన్ని షేర్వానీ లోపలి జేబులో పెట్టుకున్నాడు.

మిగతా కార్డులన్నీ మళ్ళీ యంత్రం మింగింది. కాగితం బయటికొచ్చేదాకా చాచా గుమ్మం దగ్గర వణుకుతూ నిలబడే ఉన్నాడు. రెండో వానదాకా ఆగి విత్తితే మేలు అని తేలింది. ఈ సంగతి ఆ తర్వాత బాపుకు ఎంతో గొప్పగా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. జూన్‌లో మొదటి వాన పడగానే గంప ఎత్తుకుని పోయి విత్తేశాడు. నేల తడి పదును చేతికి తగిలాక ఇంట్లో కూర్చోమని ఏ యంత్రం చెప్పినా తన వల్ల కాదన్నాడు. నా పరిశోధన ఇప్పుడు ఏ బీరువాలో చెదలకు ఆహారమవుతోందో నాకు తెలియదు. దానివల్ల ఒక్క గింజ కూడా ఎక్కువ పండలేదని మాత్రం తెలుసు. అయినా ఎవరైనా నా చదువు గురించి అడిగితే నాకు పట్టా పుచ్చుకున్న రోజు గుర్తుకురాదు, ఆ కార్డు కట్టలోంచి తీసిన రోజే గుర్తుకొస్తుంది.

ఆ సాయంత్రం హాస్టల్లో ఉండమన్నా చాచా వినలేదు. ఆయన్ను ఒంటరిగా పంపడానికి మనసొప్పక నేనూ బస్సెక్కాను. దేవరకొండలో దిగి, ఒక బంధువుల ఇంట్లో తలదాచుకుని, మర్నాడు ఎండెక్కేవేళకు ఊరు చేరాం. దారిలో చాచా నాతో అన్నీ మాట్లాడాడు. యంత్రం గురించి, సారు గురించి, సిటీ బస్సుల గురించి. ఒక్క చాచీ పేరు ఎత్తలేదు. ఇంటికి వెళ్ళి ఆవిణ్ణి ఏమంటాడో అని నేను దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

చాచీ వాకిట్లోనే ఉంది. మేము వెళ్ళిన దగ్గర్నుంచీ అక్కడే ఉన్నట్టుంది. మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. నౌకరీ ఉంది, రాళ్ళవాగు కూడా ఉంది అని నేనే గబగబా చెప్పేశాను. ఆవిడ అరుగు మీద కూలబడిపోయింది.

చాచా జేబులోంచి కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"గిదిగో, నీ బిందె," అన్నాడు. "లెక్కలకెళ్లి తీసేసిండ్రు."

చాచీ ఆ అట్టముక్కను అటూ ఇటూ తిప్పి, కన్నాల మీద వేలు పెట్టి చూసింది. మేము పోసింది ఇక ఏ లెక్కలోనూ లేదా అని అడిగింది. లేదన్నాడు చాచా. ఆయన ఆవిడ ఎదురుగా, ఎండలో, షేర్వానీ తియ్యకుండా అలాగే నిలబడ్డాడు. గోడ అవతల మా అమ్మ ఉంది, ఇంకా ఎవరెవరో ఉన్నారు. ఆయన వాళ్ళను చూశాడు. చూసే గొంతు పెంచాడు.

"గా పొద్దు నిన్ను వాకిట్ల నిలవెట్టి తిట్టిన. అందరు విన్నరు. ఇప్పుడు గూడ అందరు వినాలె. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి లాడ్లీ."

ఆవిణ్ణి ఆయన పేరుపెట్టి పిలవడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. ఎప్పుడూ అజీజా అమ్మీ అనేవాడు. చాచీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆయన ముఖం మీద చెమట చూసి, "దూపైతున్నదా?" అని అడిగింది. ఔనన్నాడు.

ఆవిడ లోపలికి వెళ్ళి చెంబు నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తల ఎత్తి ఆగకుండా తాగాడు. నీళ్ళు గడ్డం మీదుగా కారి షేర్వానీ తడిసింది. చెంబు ఖాళీ అయ్యేదాకా చాచీ అక్కడే నిలబడి, ఇంకొంచెం తేవాలా అని అడిగింది.